ఇంటి పన్ను రసీదు

క్లాసులో ఇప్పటికీ నోరు జారి
మూడొందల డెబ్బై తొమ్మిది అంటాను.
ముందు బెంచీలోంచి జ్ఞానాంబ
"మూడొందల మూడు, మేడమ్" అని సరిదిద్దుతుంది.
వాళ్ళ నాయన పీలేరులో కోర్టు కానిస్టేబులు,
ఇంట్లో కొత్త సెక్షన్లు అన్నంలో కలిపి పెడతారేమో.
ఇరవై రెండేళ్ళు నా నాలుక మీద అరిగిన అంకె
ఒక్క జూలైలో చెల్లని నాణెమయింది.
దొంగతనం మాత్రం ఆ పేరుతోనే ఉంది.

కిటికీ అవతల శేషాచలం. పిల్లలు అటు చూస్తుంటారు,
నేను బోర్డు మీద రాస్తుంటాను:
బెయిలు నియమం. జైలు మినహాయింపు.

శనివారాలు చిత్తూరు బస్సు.
చంద్రగిరి, పాకాల, పూతలపట్టు.
సంచిలో అరవై రెండు ఫారాలు,
ఎథిక్స్ కమిటీ ముద్ర పడినవి.
ఏడో నిబంధన నాకు నోటికొచ్చు:
పాల్గొన్నవారికి ఎట్టి లాభమూ ఆశ చూపరాదు.
జైలు గేటు దగ్గర ఫోను, పర్సు, ఇంటి తాళాలు ఇచ్చేస్తాను.
పెన్ను ఒక్కటే నాతో లోపలికొస్తుంది.

నలభై ఒకటో ఫారం, పోలయ్య.
వయసు? "మీకెంత తోస్తే అంత రాసుకోండమ్మా."
నేరం? మామిడితోటలో బోరు మోటారు వైరు,
కాల్చి తీస్తే నాలుగు కేజీల రాగి.
బెయిలు వచ్చిందా? "వచ్చింది."
ఎప్పుడు? "పోయిన కాయల కాలంలో."

మళ్ళీ కాయలొచ్చాయి.
గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి
తోతాపురి వాసన గోడ దూకి
మేం కూర్చున్న గది దాకా వస్తోంది.
మరి ఇంకా ఇక్కడెందుకున్నావు?
ఆ ప్రశ్న ఫారంలో లేదు.

"ఇద్దురు జామీను నిలబడాలంటమ్మా.
సొంత ఇల్లుండాల, పన్ను రసీదుండాల.
మా కాలనీలో అన్నీ ఇండ్లే.
రసీదు ఒక్క ఇంటికీ లేదు."
నేను కాయితాలు సర్దుకుంటుంటే
ఈసారి తను అడిగాడు:
"మీకు సొంత ఇల్లుండాదామ్మా?"

ఉంది. కొర్లగుంటలో, రెండో అంతస్తు.
పన్ను ఏప్రిల్లోనే కట్టేస్తాను, ఐదు శాతం తగ్గుతుందని.
ఇవన్నీ గొంతు దాకా వచ్చాయి,
బయటికొచ్చింది ఏడో నిబంధన.
పోలయ్య తల ఊపాడు
వాయిదా విన్నవాడిలా.

రాత్రి కంప్యూటర్లో అతన్ని ఎక్కించాను.
జామీనుదారు లేకపోతే సున్నా కొట్టాలి.
అరవై రెండు మందిలో పందొమ్మిది సున్నాలు.
ముందు ఏ అంకే నిలబడకపోతే
సున్నాకి విలువ లేదని ఒకటో తరగతిలోనే చెప్పారు.

బెంగళూరు సదస్సులో ఆ పందొమ్మందీ
చక్కటి నీలిరంగు స్తంభమై లేచారు. చప్పట్లు.
టీ దగ్గర ఒకాయన శాంపిల్ చిన్నదన్నాడు.
నిజమే, పోలయ్య బక్క మనిషి.

దసరా వెళ్ళింది. సెమిస్టరు పరీక్షకి ప్రశ్న నేనే ఇచ్చాను:
బెయిలు నియమం, జైలు మినహాయింపు. చర్చించుము. పది మార్కులు.
అందరూ ఆరేసి పేజీలు తీర్పులతో నింపారు.
ఒక పేపర్లో, పేరుండదు, నంబరే,
నాలుగే వరుసలు:
"బెయిలు కాయితం చేతిలో పట్టుకుని ఒకాయన
అదే వ్యానెక్కి జైలుకే పోవడం మా నాయన చూసినాడు.
నియమం ఆ కాయితం.
మినహాయింపు ఆ మనిషి."
దస్తూరీ నాకు తెలుసు.
కీ ప్రకారం రెండు మార్కులు.
ఎర్ర పెన్ను మూత తీసి, పెట్టి, తీసి,
లేచాను.

బీరువాలో గ్యాసు బిల్లుల అడుగున రసీదు.
నా పేరు, డోరు నంబరు,
కొంచెం పక్కకి జారిన కార్పొరేషన్ ముద్ర.
ఇది ఒక్కటి. పోలయ్యకి కావలసింది రెండు.

ఎదురింటి లెక్కల లెక్చరరు దామోదరం
ఇంకా నిద్రపోలేదు, తలుపు సందున లైటు.
కొట్టాను.
బనీనుతో వచ్చి, నా చేతిలో కాయితం చూసి,
"ఏం మేడమ్, మీకూ నీళ్ళు రాలేదా?" అన్నాడు.